మెట్లకు చెక్క పలకలు: ఏ మెట్టు కొలత ఆ మెట్టుదే

ప్రశ్న: బెంగళూరు రాజాజీనగర్‌లో మాది డూప్లెక్స్ ఇల్లు. లోపలి మెట్లు రెండు గోడల మధ్య ఉన్నాయి. కాంక్రీటు మెట్లు 14, వెడల్పు మూడడుగులు. టేకు పలకలు వేయిద్దామంటే కార్పెంటరు కింది మెట్టు ఒక్కటే కొలిచి నాలుగు పలకలు కోశాడు. ఒకటి ఇరుక్కుంటోంది, రెండింటికి గోడ పక్కన సందు వస్తోంది. మిగతావి ఎలా కోయించాలి?

జవాబు: ముందు కోత ఆపించండి. ప్లాస్టరింగు చేసిన గోడలు కింది నుంచి పైదాకా ఒకే దూరంలో ఉండవు. ఒకే మెట్టులో కూడా ముందు కొలత, వెనక కొలత వేరుగా ఉంటాయి. టేపుతో కొలిస్తే ఆ వంకర తెలియదు. ప్రతి మెట్టుకూ విడిగా అచ్చు తీయాల్సిందే.

మెట్టు వెడల్పు కంటే రెండంగుళాలు పొట్టిగా 6 మి.మీ. ప్లైవుడ్ పట్టీ తీసుకోండి. మెట్టు లోతంత పొడవున్న రెండు ముక్కలను చెరో గోడకు పూర్తిగా ఆనించి, ఆ వంపులోనే పట్టీకి స్క్రూలతో బిగించండి. ఈ అచ్చును పలక మీద పెట్టి గీత గీసి, ఒక్కో పక్క 2 మి.మీ. లోపలికి కోయాలి. రంపాన్ని నాలుగైదు డిగ్రీలు వాల్చి, అడుగు అంచు కొంచెం లోపలికి పోయేలా కోస్తే పలక గోడను గీకకుండా దిగుతుంది. పలకకూ మెట్టుకూ ఒకే నంబరు వేయడం మరవద్దు. కోసిన నాలుగింటినీ ఇరుకు మెట్లకు సర్దండి. ఐదారు మిల్లీమీటర్ల సందును 12 మి.మీ. స్కర్టింగ్ కప్పేస్తుంది.

చెక్క పొడవులో దాదాపు కదలదు, అడ్డంగానే ఉబ్బి తగ్గుతుంది. అందుకే వెనక 3 మి.మీ. ఖాళీ ఉంచాలి. పై మెట్టు నిలువు పలక దాన్ని దాచేస్తుంది. అంటే బిగింపు కింది నుంచి పైకి సాగాలి: నిలువు పలక, దాని మీద తొక్కే పలక, మళ్లీ నిలువు పలక. నిలువు భాగానికి పెయింటు మాత్రమే అయితే మెట్టు విడిచి మెట్టు వేయండి, ఇంట్లో రాకపోకలు ఆగవు.

తెల్ల జిగురు ఇక్కడ పనికిరాదు, అందులోని నీరు చెక్కను ఉబ్బిస్తుంది. పీయూ (పాలీయురేథేన్) జిగురే వాడండి. దుమ్ము పూర్తిగా దులిపి, పది సెం.మీ.కు ఒక వరుస చొప్పున వేసి, పల్లం ఉన్నచోట ప్లాస్టిక్ ముక్కలతో మట్టం చేయాలి. కింద బోలుగా మిగిలితే కిర్రుమంటుంది. 24 గంటలు తొక్కకూడదు.

ఒక్క విషయం తప్పకుండా చూసుకోండి. 25 మి.మీ. పలక వేస్తే మొదటి మెట్టు అంత ఎత్తు పెరుగుతుంది, చివరిది అంత తగ్గుతుంది. కాలు తడబడేది అక్కడే. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మి.మీ. మించకూడదని జాతీయ భవన నియమావళి చెబుతోంది. తేడా వచ్చేటట్టుంటే పై అంతస్తు నేలను పెంచడమో, మెట్ల పైపూతను చెక్కి తీయించడమో బిగింపుకు ముందే జరగాలి.

ప్రశ్న: 14 మెట్లకు టేకు ఎంత కొనాలి? (జయనగర్)

జవాబు: మెట్టు మూడడుగుల వెడల్పు, 11 అంగుళాల లోతు అనుకుంటే, చిత్రిక పట్టాక అంగుళం మందం మిగలాలంటే అంగుళంపావు పలక కావాలి. తరుగుతో కలిపి దాదాపు 5 ఘనపు అడుగులు. నిలువు పలకలు దీనిలో చేరవు. 11 అంగుళాల ఒంటి పలక కోసం తిరగకండి. రెండు మూడు ముక్కలు అతికించినదే తక్కువ వంగుతుంది. తేమ 12 శాతం లోపు ఉందో లేదో మీటరుతో చూసి కొనండి. రెండు వారాలు ఇంట్లోనే మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి, బిగించే ముందు అడుగు వైపు కూడా ఒక పూత పాలిష్ వేయించండి.