ట్రంప్ రాని రిపబ్లికన్ చర్చ చూసి ఓటరు తెలుసుకున్నదేమిటి?

ప్రశ్న 2023 ఆగస్టులో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ పార్టీ తొలి ప్రైమరీ చర్చ గురించి, అంటే పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థి కావాలని పోటీపడేవారి మధ్య టీవీలో జరిగే చర్చ గురించి. అందరికంటే ఎంతో ముందున్న డొనాల్డ్ ట్రంప్ అసలు రానే రాలేదు గదా, మిగిలిన ఎనిమిది మంది రెండు గంటలు వాదించుకుంటే ఓటరుకు ఒరిగిందేమిటి, అక్కడ ఉంటున్న తెలుగువారు స్వానుభవంతో చెప్పగలరా అని అడిగారు. నేను 2005 నుంచి అయోవా రాష్ట్రంలో, డెమాయిన్ నగరం పక్కన ఉంటున్నాను. 2021లో పౌరసత్వం వచ్చింది కనుక, అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ప్రక్రియలో మొదటి నుంచీ పాల్గొనడం నాకు అదే తొలిసారి. ఆ చర్చ వల్ల చివరి ఫలితం ఏమీ మారలేదు. కానీ నేను ఎవరికి ఓటు వేయాలన్నది మాత్రం ఆ రాత్రే మారింది. కాబట్టి ఉపయోగం కలిగిందనే నా జవాబు, ఎలా కలిగిందో వివరిస్తాను.

ఆ ఆగస్టు 23 మా ఇంట్లో మామూలు రోజు కాదు. ఉదయం 7 గంటల 34 నిమిషాలకు, అంటే భారతదేశంలో సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు, చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువానికి దగ్గరగా దిగింది. మా పన్నెండేళ్ల అమ్మాయికి అదే బడి తెరిచిన రోజు. బస్సు వచ్చే వేళయినా భుజాన సంచి తగిలించుకుని టీవీ ముందే నిలబడిపోయింది. అదే రోజు రాత్రి 8 గంటలకు అదే టీవీలో మిల్వాకీ వేదిక కనిపించింది. సర్వేల్లో వచ్చిన మద్దతును బట్టి స్థానాలు కేటాయించారు కనుక ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్‌తో పాటు వివేక్ రామస్వామి వేదికకు నడిమధ్యన ఉన్నారు. దక్షిణ కరోలినా మాజీ గవర్నర్ నిక్కీ హేలీ కొంచెం పక్కగా నిలిచారు. రామస్వామి తల్లిదండ్రులు కేరళ నుంచి వచ్చినవారు, హేలీ తల్లిదండ్రులు పంజాబీ సిక్కులు. పలకడానికి వింతగా ఉండే ఇంటిపేరు గల ఈ బక్కపలచని మనిషి ఇక్కడేం చేస్తున్నాడని మీరు అనుకుంటుండవచ్చు అని రామస్వామి మొదలుపెట్టగానే మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. బడిలో ప్రతి సంవత్సరం మొదటి రోజున తన ఇంటిపేరు దగ్గర ఉపాధ్యాయులు తడబడడం చూస్తూ పెరిగిన పిల్ల అది. నిజం చెప్పాలంటే, టీవీ పెట్టేటప్పటికి నేను కూడా మనసులో ఆయన వైపే ఉన్నాను.

చర్చ మొదలయ్యేసరికి హన్మకొండలో తెల్లవారి ఆరున్నర అయింది. మా మామగారు కాఫీ తాగుతూ వీడియో కాల్‌లో ఉన్నారు. ఆయన అడిగిన ప్రశ్న మీ ప్రశ్నకు దగ్గరగానే ఉంది: "ఒకే పార్టీ వాళ్లు గదా, జనం ముందట గిట్ల కొట్లాడుకునుడు ఎందుకు? పెద్దాయన కూర్చొని టికెట్ ఎవరికో చెప్తే అయిపోదా?" ఆయన అలా అనడానికి కారణం ఉంది. సరిగ్గా రెండు రోజుల ముందు, ఆగస్టు 21న, తెలంగాణలో కేసీఆర్ గారు 119 శాసనసభ స్థానాలకు గాను 115 స్థానాల అభ్యర్థుల పేర్లను ఒక్కసారిగా ప్రకటించారు. మన దగ్గర ఏ పార్టీలోనైనా బీ-ఫారం ఎవరి చేతికి వస్తుందన్నది అధిష్ఠానం తేల్చే విషయం. సామాన్య కార్యకర్తకు అందులో ఓటు లేదు. అమెరికాలో ఆ బీ-ఫారాన్ని ఇచ్చేది, ఆయా రాష్ట్రాల్లో ఆ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో ఓటేసే సాధారణ ఓటర్లు. నేనూ, మా ఎదురింటి రైతు దంపతులూ, కిరాణా దుకాణంలో లెక్క చూసే అమ్మాయీ అందరం అందులో భాగమే. ఆ ఓటర్ల ముందు అభ్యర్థులను పక్కపక్కన నిలబెట్టి ప్రశ్నలు అడగడమే ఈ చర్చ. మామగారికి ఈ మాట చెప్పినప్పుడు, అది నాకే కొత్తగా అర్థమైనట్టు అనిపించింది.

ఆ వేదిక ఎక్కడానికి షరతులున్నాయి. కనీసం 40,000 మంది విరాళదాతలు ఉండాలి. సర్వేల్లో కనీసం 1 శాతం మద్దతు ఉండాలి. చివరికి పార్టీ ఎవరిని ఎంచుకున్నా వారికి మద్దతిస్తానని ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి. ఉత్తర డకోటా గవర్నర్ డగ్ బర్గమ్ ఆ దాతల సంఖ్య చేరుకోవడానికి 1 డాలరు విరాళమిచ్చినవారికి 20 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చారు. మా ఆఫీసులో ఒకరు అలా విరాళమిచ్చి, ఆ కార్డు తెచ్చి చూపించారు కూడా. ఇది నాకు నచ్చలేదు. కానీ చర్చ ముందురోజు బాస్కెట్‌బాల్ ఆడుతూ మడమ దగ్గర తీవ్రంగా గాయపడి కూడా ఆయన రెండు గంటలు నిలబడే మాట్లాడారన్నది కూడా చెప్పాలి. ట్రంప్ మాత్రం రాలేదు. అదే సమయానికి టీవీ వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్‌తో ముందే చేసిన తన ఇంటర్వ్యూను విడుదల చేయించుకున్నారు. మర్నాడు, జార్జియా రాష్ట్రంలో 2020 ఎన్నికల ఫలితాన్ని మార్చడానికి ప్రయత్నించారన్న కేసులో అట్లాంటాలోని జైలుకు వెళ్లి లొంగిపోయారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ రాత్రి చేతులెత్తమని అడిగిన రెండు సందర్భాలు నా మనసులో నిలిచిపోయాయి.

మొదటిది వాతావరణ మార్పు గురించి. ఒక కళాశాల విద్యార్థి వీడియోలో ప్రశ్న అడిగాడు. దాని మీద సమన్వయకర్తల్లో ఒకరైన మార్తా మెక్‌కాలమ్, మానవ చర్యలే వాతావరణ మార్పుకు కారణమని నమ్మేవారు చేతులెత్తాలన్నారు. డిశాంటిస్ వెంటనే అడ్డుపడి, మేం బడిపిల్లలం కాదు, చర్చ జరగనివ్వండి అన్నారు. సబబైన మాటే కదా అని నేనూ తలూపాను. అంత పెద్ద విషయానికి చేయెత్తడం జవాబు కాదు. కానీ చేయెత్తకుండా తప్పించుకున్న తర్వాత ఆయన ఆ విద్యార్థికి సమాధానమూ చెప్పలేదు. హవాయిలోని మావీ ద్వీపంలో అప్పుడే జరిగిన కార్చిచ్చు విషయంలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ తీరును విమర్శించి ఊరుకున్నారు. రామస్వామి అయితే వాతావరణ మార్పు పేరిట సాగుతున్న కార్యక్రమమంతా బూటకమన్నారు. మా అమ్మాయి నా ముఖం వైపు చూసింది. హేలీ మాత్రం వాతావరణ మార్పు నిజమేనని ఒప్పుకున్నారు. ఆ వెంటనే, నిజంగా మార్పు రావాలంటే ఉద్గారాలు తగ్గించమని చైనాకూ భారతదేశానికీ చెప్పాలన్నారు. తలసరి లెక్కన ఒక భారతీయుడి వాటా ఒక అమెరికన్ వాటాలో చాలా చిన్న భాగమన్న సంగతి ఆమె చెప్పలేదు. అది నాకు బాధ కలిగించింది. ఉదయాన చంద్రుడి మీద దిగిన దేశం రాత్రికి తప్పు చేసినవారి జాబితాలో కనిపించింది. అయినా ఆ వేదిక మీద ఆ విద్యార్థి ప్రశ్నను పట్టించుకుని జవాబిచ్చింది ఆమే అన్నది కూడా నేను గమనించకపోలేదు.

రెండో సందర్భం దాదాపు గంట గడిచాక వచ్చింది. మరో సమన్వయకర్త బ్రెట్ బేయర్, ఈ గదిలో లేని ఏనుగు గురించి మాట్లాడుకుందాం అన్నారు. అందరికీ తెలిసినా ఎవరూ ఎత్తని పెద్ద విషయాన్ని ఇంగ్లీషులో గదిలో ఉన్న ఏనుగు అంటారు, పైగా రిపబ్లికన్ పార్టీ చిహ్నం ఏనుగే కనుక ఆ మాటకు సభలో స్పందన పెద్దగా వచ్చింది. ట్రంప్‌ను న్యాయస్థానం దోషిగా తేల్చినా, పార్టీ ఆయననే అభ్యర్థిగా నిలబెడితే మద్దతిచ్చేవారు చేతులెత్తమన్నారు. రామస్వామి చేయి అందరికంటే ముందు లేచింది. ఒక్కొక్కటిగా మిగిలినవీ లేచాయి. మేం బడిపిల్లలం కాదన్న డిశాంటిస్ మాత్రం తలను ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు తిప్పి, ఎన్ని చేతులు లేచాయో చూసుకుని, అప్పుడు తన చేయి ఎత్తారు. నలుగురితో పాటు నారాయణా అన్న మాటకు రూపం వస్తే అలాగే ఉంటుంది. ఆ దృశ్యం రెండు మూడు క్షణాలకు మించలేదు. నేను రిమోట్ తీసుకుని వెనక్కి జరిపి మళ్లీ చూశాను. న్యూజెర్సీ మాజీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ, ఆర్కాన్సా మాజీ గవర్నర్ ఏసా హచిన్సన్ తప్ప మిగతా ఆరుగురూ ఎత్తారు. ఎత్తినవారిలో హేలీ కూడా ఉన్నారు. తర్వాత క్రిస్టీ, ఇటువంటి ప్రవర్తనను మామూలు విషయంగా చూడడం ఎవరో ఒకరు ఆపాలి అన్నప్పుడు సభలో సగానికి పైగా గొంతులు ఆయన మీద అరిచాయేమో అనిపించింది. ఆ అరుపులు ఆగేదాకా ఆయన నిలబడి ఉండడం నేను గౌరవంతో చూశాను.

ట్రంప్ లేని చర్చకు అర్థం లేదన్నవారికి నేను చూపేది ఈ దృశ్యాన్నే. ట్రంప్ అక్కడ నిలబడి ఉంటే రెండు గంటలూ ఆయన మాటల చుట్టూనే తిరిగేవి. ఆయన లేకపోబట్టే, తమ సొంత అభిమానులకు రుచించని ప్రశ్న వచ్చినప్పుడు ఈ ఎనిమిది మందిలో ఎవరు సూటిగా చూస్తారు, ఎవరు పక్కకు చూస్తారు అన్నది బయటపడింది. ప్రసంగాల్లోగానీ, ప్రకటనల్లోగానీ అది ఓటరుకు కనిపించదు.

ఆ కొలబద్దతో చూసినప్పుడు నాకు హేలీ అందరికంటే ఎత్తుగా కనిపించారు, చేయెత్తినందుకు కొంత తగ్గించుకున్నా సరే. జాతీయ అప్పు గురించి అడిగితే అందరూ బైడెన్‌ను తిట్టి వదిలేస్తారనుకున్నాను. ఆమె మాత్రం తప్పు మన పార్టీది కూడా అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. ట్రంప్ హయాంలో అప్పుకు 8 లక్షల కోట్ల డాలర్లు తోడయ్యాయని అంకెతో సహా చెప్పి, పక్కనున్నవారి పేర్లు తీసి మీరూ అందుకు ఓటేశారని గుర్తుచేశారు. గర్భస్రావం విషయంలో కూడా అంతే. మా రాష్ట్రంలో అంతకు నెల ముందే ఆరు వారాల తర్వాత గర్భస్రావాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు, న్యాయస్థానం దాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. నర్సుగా పనిచేసే నా భార్య ఆ నెలంతా ఆ విషయమే ఆలోచిస్తూ గడిపింది. హేలీ తాను గర్భస్రావానికి వ్యతిరేకినని చెబుతూనే, దేశమంతటికీ ఒకే నిషేధం తేవాలంటే సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, అవి లేవు, లేనిదాన్ని తెస్తామని అమెరికన్ ప్రజలకు అబద్ధం చెప్పవద్దు అన్నారు. ఏకాభిప్రాయం వెతకడం నాయకత్వానికి వ్యతిరేకమని మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఎదురు చెప్పారు. నా భార్య హేలీతో అన్ని విషయాల్లో ఏకీభవించే మనిషి కాదు. అయినా టీవీ వైపు చూస్తూ, "కనీసం ఈమె లెక్క చెప్తోంది" అంది.

రామస్వామి మీద నా మొగ్గు తగ్గడం ఉక్రెయిన్ ప్రస్తావనతో పూర్తయింది. ఇంకా సహాయం పంపడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ అభిప్రాయం కలిగి ఉండడం తప్పు కాదు, మా ఎదురింటి పెద్దాయనది కూడా అదే అభిప్రాయం. నన్ను ఇబ్బంది పెట్టింది ఆయన చెప్పిన తీరు. ఎదుటివారందరూ అమ్ముడుపోయినవారు, తానొక్కడే కాదు అన్నట్టు మాట్లాడడం, ప్రతి ప్రశ్నకూ ముందే కంఠస్థం చేసినట్టు గుక్కతిప్పుకోకుండా చెప్పడం నాకు మింగుడుపడలేదు. విదేశాంగ విషయాల్లో మీకు అనుభవం లేదు, అది కనిపిస్తోంది అని ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా పనిచేసిన హేలీ అన్నప్పుడు సభ హోరెత్తింది. భారతీయ సంతతికి చెందిన ఇద్దరు అమెరికా అధ్యక్ష పదవి కోసం ఒకే వేదిక మీద తలపడడం, వారి మధ్య గొడవ తమ మూలాల గురించి కాక యుద్ధం గురించీ, ఖజానా గురించీ జరగడం చూసి నాకు కలిగిన తృప్తిని మాటల్లో పెట్టడం కష్టం. మా అమ్మాయి చప్పట్లతో మొదలైన రాత్రి అక్కడికి చేరింది. పేరును బట్టి ఎంచుకోవాల్సిన అవసరం లేదని నాకు అప్పుడే తెలిసింది.

లోటు కూడా చెప్పాలి. ఆ రాత్రి వలసల గురించిన మాటలన్నీ దక్షిణ సరిహద్దు చుట్టూనే తిరిగాయి. హెచ్-1బీ మీద వచ్చి, గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడినవారి గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు దరఖాస్తు పెట్టిన 2008 నుంచి కార్డు చేతికొచ్చిన 2015 వరకు ఏడేళ్లు పట్టింది. ఇప్పుడు వస్తున్న తెలుగు పిల్లలకు ఎంతకాలం పడుతుందో ఊహించడానికే భయం వేస్తుంది.

2024 జనవరి 15 సోమవారం రాత్రి 7 గంటలకు అయోవా కాకస్, అంటే పార్టీ ఓటర్లు ఒకచోట చేరి అభ్యర్థికి ఓటేసే సమావేశం, జరిగింది. మంచు గడ్డకట్టి, ఉష్ణోగ్రత సున్నా ఫారన్‌హీట్‌కు దిగువన ఉంది. మా ఎదురింటి పెద్దాయన తన ట్రక్కులో నన్ను ఎక్కించుకుని బడి జిమ్నాజియానికి తీసుకెళ్లారు. ఆయన ట్రంప్ మనిషి, నేను ఎవరి వైపో ఆయనకు తెలుసు. గుమ్మం దగ్గర బల్ల మీద ఫారం నింపి రిపబ్లికన్‌గా నమోదయ్యాను. ఒక్కో అభ్యర్థి తరఫున ఒక్కొక్కరు లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడారు. హేలీ తరఫున మాట్లాడిన విశ్రాంత ఉపాధ్యాయురాలు అప్పు గురించి ఆమె మిల్వాకీలో చెప్పిన మాటలనే మళ్లీ చెప్పారు. ప్రసంగాలు ఇంకా సాగుతుండగానే మా ముందు వరుసలో ఒకాయన ఫోను చూసి, టీవీ వాళ్లు ట్రంప్ గెలిచారని ప్రకటించేశారని పక్కవారికి చెప్పాడు. నిజమే, ఆ రోజు రాష్ట్రంలో చాలాచోట్ల ఓటు వేయకముందే ఆ వార్త వచ్చేసింది. చీటీలు ఇంకా మా చేతికి రాలేదు. ఒక్కరు కూడా లేచి వెళ్లలేదు.

తర్వాత చిన్న తెల్ల కాగితం ముక్కలు పంచారు. దాని మీద పేర్లు అచ్చువేసి ఉండవు, మనమే రాయాలి. నేను హేలీ పేరు రాసి మడిచి డబ్బాలో వేశాను. ఎదురింటి పెద్దాయన తనది వేశారు. ఆ తర్వాత ఆ డబ్బాను బల్ల మీద బోర్లించి, అందరి కళ్ల ముందే చీటీలు విప్పి కుప్పలుగా వేసి లెక్కపెట్టారు. మా దగ్గరా ట్రంపే గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద ఆయనకు 51 శాతం, డిశాంటిస్‌కు 21, హేలీకి 19, రామస్వామికి 8 శాతానికి కాస్త తక్కువ వచ్చాయి. రామస్వామి ఆ రాత్రే తప్పుకున్నారు, డిశాంటిస్ మరో ఆరు రోజులకు, హేలీ మార్చి 6న.

మర్నాడు మామగారు ఫోనులో నేను చెప్పిందంతా ఓపికగా విన్నారు. ఎవరు గెలిచారని అడగలేదు. చీటీలు లెక్కపెట్టేటప్పుడు నేను బల్ల దగ్గరకు వెళ్లి చూడవచ్చా, ఎవరూ అడ్డుపెట్టరా అని రెండుసార్లు అడిగారు. వెళ్లి చూశానని, ఎవరూ అడ్డుపెట్టలేదని చెప్పాను.