చేప నూనె అమ్మి గుండె మాత్ర మాన్పించిన ఏజెంటుపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా నాన్నగారు రైస్ మిల్లులో గుమాస్తా. కొలెస్ట్రాల్‌కు డాక్టరు రాసిన అటోర్వాస్టాటిన్ మాత్ర మూడేళ్లుగా వేసుకుంటున్నారు. తెలిసిన ఏజెంటు ఒకరు ఇంటికి వచ్చి, తమ కంపెనీ చేప నూనె క్యాప్సూళ్లు రోజుకు రెండు వేసుకుంటే చాలు, ఆ మాత్ర మానేయవచ్చని చెప్పి రూ.7,200 తీసుకున్నారు. వాట్సాప్‌లోనూ అదే రాశారు. నాలుగు నెలల తర్వాత పరీక్షిస్తే చెడు కొలెస్ట్రాల్ 104 నుంచి 171కి పెరిగింది. రక్తంలోని మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు మాత్రం కాస్త తగ్గాయి. డబ్బు వాపసు అడిగితే ‘డబ్బా మీద చదువుకోలేదా’ అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ముందు నాన్నగారిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఆపిన మాత్ర సంగతి తేల్చాల్సింది ఆయనే. ఆయన రాసిచ్చే చీటీ, రెండు రక్తపరీక్షల రిపోర్టులు రేపు మీ ఫిర్యాదుకూ పనికొస్తాయి.

ఇక కేసు. ‘చేప నూనె పనిచేయలేదు’ అని ఫిర్యాదు రాశారో, ఓడిపోతారు. అందులోని ఒమేగా-3 కొవ్వులు ట్రైగ్లిజరైడ్లను తగ్గించే మాట నిజం. మీ నాన్నగారి రిపోర్టులో తగ్గిన ఆ అంకెనే కంపెనీ వకీలు వినియోగదారుల కమిషన్ ముందు పట్టి చూపిస్తారు. మీరు పట్టుకోవలసింది వేరే ఉంది. చేప నూనె చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్న కొందరిలో పెంచుతుంది కూడా. నాన్నగారి మాత్ర అటోర్వాస్టాటిన్ లాంటి స్టాటిన్ మందులు చేసే పని అది చేయలేదు. ట్రైగ్లిజరైడ్ల కోసమైనా డాక్టర్లు రాసే మోతాదు రోజుకు 4 గ్రాముల వరకు ఉంటుంది. బజారులో దొరికే మామూలు 1000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో అసలు ఒమేగా-3 సుమారు 300 మిల్లీగ్రాములే. మిగతాది ఇతర కొవ్వులే. మీ డబ్బా వెనక ఈపీఏ, డీహెచ్‌ఏ (ఒమేగా-3 రకాలు) అని రాసిన రెండు అంకెలు కూడి చూడండి, తెలిసిపోతుంది.

కాబట్టి మీ కేసు నూనె మీద కాదు, ఏజెంటు మాట మీద. లేని ప్రయోజనం ఉన్నట్టు చెప్పి సరుకు అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. తగిన పరీక్షలు లేకుండా ‘ఇది పనిచేస్తుంది’ అని హామీ ఇవ్వడమూ అందులోకే వస్తుంది. పరీక్షలు జరిగాయని వారు వాదిస్తే, రుజువు చేసుకోవలసిన భారం కూడా వారిదే. ఇది మీకు కలిసొచ్చే అంశం.

‘డబ్బా మీద చదువుకోలేదా’ అన్న మాట గురించి. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇలాంటి సప్లిమెంట్ల మీద ‘ఔషధంగా వాడరాదు’ అని ముద్రించాలి. కంపెనీ ఆ వాక్యం చాటున దాక్కోవాలని చూస్తుంది. దాక్కోనివ్వకండి. డబ్బా మీద మందు కాదని రాసి, గుమ్మంలో మందు మానేయమంటే అది రక్షణ కాదు, మీకే సాక్ష్యం. ఏజెంటుతో పాటు కంపెనీనీ ప్రతివాదిగా చేర్చండి. ఏజెంట్ల ద్వారా నేరుగా అమ్మే కంపెనీలకు వర్తించే 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కంపెనీ అనుమతించని ప్రయోజనాలు చెప్పవద్దని ఏజెంట్లను కట్టడి చేస్తాయి. ‘అతను చెప్పింది మాకు తెలియదు’ అని కంపెనీ, ‘శిక్షణలో అదే నేర్పారు’ అని ఏజెంటు అన్నారంటే మీ పని సగం అయినట్టే.

వాట్సాప్ సందేశాలు చెరపకండి, ఫోను మార్చకండి. ముద్రించిన ప్రతులతో పాటు 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జత చేయాలి. బిల్లు ఇవ్వకపోతే డబ్బు పంపిన బ్యాంకు వివరాలు పెట్టండి. ఖాళీ డబ్బా పారేయవద్దు.

కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెబితే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. జిల్లా ఆహార భద్రతా అధికారికీ రాయండి. తప్పుదారి పట్టించే ప్రకటనకు రూ.10 లక్షల వరకు జరిమానా ఉంది, కాకపోతే అందులో మీకు పైసా రాదు.

పరిహారం అడిగేటప్పుడు లక్షలకు పోకండి. క్యాప్సూళ్ల ధర, పరీక్షల ఖర్చు, మానసిక వేదనకు కొంత, కేసు ఖర్చులు అడగండి. నాన్నగారి ఆరోగ్యానికి శాశ్వత నష్టం జరిగిందని రాయాలంటే డాక్టరు ధ్రువపత్రం కావాలి. అది లేకుండా ఆ వాక్యం రాయవద్దు.