టెక్ సందేహాలు: సంఘం డబ్బు మీ సొంత ఖాతాలో వద్దు

ప్రశ్న: మా ఊరి యువజన సంఘంలో ముప్పై మందిమి ఉన్నాము. వినాయక చవితి చందాలు, లడ్డూ వేలం డబ్బు, రక్తదాన శిబిరం ఖర్చులు అన్నీ కోశాధికారినైన నా సొంత యూపీఐ ద్వారానే నడుస్తున్నాయి. ఒక్క రూపాయి వాడుకోకపోయినా, లెక్క చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అనుమానంగా మాట్లాడుతున్నారు. దీనికి మంచి యాప్ ఉందా?

జవాబు: మీ బాధ అర్థమైంది. నిజాయతీగా పనిచేసినవాళ్లే ఇలాంటి మాటలు పడలేక సంఘాలు వదిలేసి వెళ్లిపోవడం నాకు తెలుసు. అందుకే యాప్ సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ సొంత ఖాతాను ఈ పని నుంచి తప్పించండి. మీ జీతం, ఇంటి ఖర్చు, ఊరి చందా ఒకేచోట కలిస్తే ఆరు నెలల తర్వాత ఏది ఎవరిదో మీరు కూడా విడదీయలేరు. పైగా చందాగా వచ్చిన మొత్తాల్లో ఏ ఒక్కటైనా సైబర్ మోసానికి సంబంధించినదని తేలితే, పోలీసుల సూచనతో బ్యాంకు మీ ఖాతాలో డబ్బు నిలిపివేయవచ్చు. అప్పుడు ఆగేది మీ ఇంటి ఖర్చు.

సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడుగురు సభ్యులు చాలు. ఆ పత్రం, సంఘం పేరిట పాన్ కార్డు, ఖాతా తెరవాలన్న సంఘం తీర్మానం నకలు తీసుకెళ్లి బ్యాంకులో ఖాతా అడగండి. డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు ఉండాలని ఆ తీర్మానంలోనే రాయించండి. అలాంటి ఖాతా నుంచి ఏ ఒక్కరూ సొంతంగా యూపీఐతో చెల్లించడం కుదరదు. కొందరికి ఇది చికాకు, నాకు మాత్రం ఇదే అసలు రక్షణ. పెద్ద చెల్లింపులు చెక్కుతో చేయండి. పూలు, టీ, ఆటో కిరాయి లాంటివాటికి రెండు వేల రూపాయలు ఒకరి చేతికివ్వండి. వాటి బిల్లులు వచ్చాకే మళ్లీ రెండు వేలు.

‘యూపీఐ సర్కిల్’ సరిపోదా అని అడిగేవారుంటారు. అందులో ఒకరి ఖాతా నుంచి ఇంకొకరు ఖర్చు చేయవచ్చు, అంతే. డబ్బు ఉండేది ఆ ఒక్కరి ఖాతాలోనే.

ఇక లెక్కలకు ప్రత్యేక యాప్ కొనవద్దు, గూగుల్ షీట్స్ చాలు. తేదీ, ఎవరి నుంచి లేదా ఎవరికి, దేనికి, జమ, ఖర్చు, పన్నెండు అంకెల యూపీఐ లావాదేవీ సంఖ్య, బిల్లు ఫొటో లింకు, వీటికి ఒక్కో గడి పెట్టండి. మార్చే అనుమతి ఇద్దరికే ఇచ్చి, మిగతా సభ్యులందరికీ చూసే అనుమతి ఇవ్వండి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో మార్చే అనుమతి ఉన్న ఆ ఇద్దరికీ వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది. తప్పు పడితే ఆ వరుస తుడిచేయకండి, కింద సవరణగా కొత్త వరుస రాయండి. లడ్డూ పాడుకున్నవారు డబ్బు వెంటనే కట్టరు కదా. దాన్ని జమలో వేయకుండా ‘రావలసినవి’ అని వేరే పేజీలో ఉంచండి. గొడవలు ఎక్కువగా పుట్టేది అక్కడే. దాతల ఫోన్ నంబర్లు మాత్రం ఆ షీటులో వద్దు.

ప్రశ్న: చందా కట్టామని స్క్రీన్‌షాట్ పంపారు. ఖాతాలో డబ్బు లేదు. ఏం చేయాలి?

జవాబు: స్క్రీన్‌షాట్ చూసి రసీదు రాయకండి. డబ్బు పడినట్లు చూపే నకిలీ యాప్‌లు ఉన్నాయి. లావాదేవీ సంఖ్య అడిగి బ్యాంకు స్టేట్‌మెంటులో వెతకండి, అక్కడ కనిపిస్తేనే రసీదు. మండపం దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి ఉంటే రోజూ ఉదయం మీరే స్కాన్ చేసి, సంఘం పేరే వస్తోందో లేదో చూడండి. దానిమీద ఇంకొకరు తమ కోడ్ అతికించే అవకాశం ఉంది. వేరే పేరు కనిపిస్తే కోడ్ తీసేసి, అప్పటికే ఎవరైనా డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించండి.