రెండో చెంప, రాజీ కాగితం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ద్వేషానికీ దౌర్జన్యానికీ క్రైస్తవ ప్రేమ జవాబు అవుతుందా, అయితే అది ఎటువంటి జవాబు అని అడిగారు. మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ నాలుగింటినే తీసుకున్నాను. ఉత్తరాలను కుదించాను. అడిగినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: పొలం దారి విషయమై జరిగిన గొడవలో ఊరివాళ్లు మా తమ్ముణ్ణి కర్రలతో కొట్టి చెయ్యి విరగ్గొట్టారు. కేసు పెట్టాము. ఇప్పుడు కొట్టినవారి తరఫున పెద్దమనుషులు రాజీకి వస్తున్నారు. మా సంఘకాపరి అయ్యగారు కూడా, శత్రువులను ప్రేమించమని ప్రభువు చెప్పాడు కాబట్టి కేసు వెనక్కి తీసుకోవాలనీ, అలా చేస్తే సంఘానికి మంచి పేరు వస్తుందనీ అంటున్నారు. మా అమ్మ ఒప్పుకునేటట్టే ఉంది. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఇది నా విశ్వాసంలో లోపమా?
– ఒక పాఠకుడు, బాపట్ల జిల్లా

జవాబు: లోపమని నేను అనుకోవడం లేదు. శత్రువును ప్రేమించమని చెప్పిన ప్రభువే, ప్రధాన యాజకుని ఎదుట ఒక బంట్రోతు తనను చెంపమీద కొట్టినప్పుడు, నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీసి అడిగాడు. ఈ మాట యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఉంది. రెండో చెంప గురించి ప్రసంగించే మనవాళ్లు ఈ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి ఎందుకో త్వరత్వరగా పేజీ తిప్పేస్తారు. ఆయన తిరిగి కొట్టలేదు, శపించలేదు, అయితే అన్యాయాన్ని అన్యాయమని అనకుండా ఊరుకోనూ లేదు. ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడైన పౌలును విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేసిన అధికారులు మర్నాడు గుట్టుగా వెళ్లిపొమ్మని కబురు పంపితే, వాళ్లే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలని పౌలు పట్టుబట్టాడు. అదే పౌలు రోమీయులకు రాస్తూ, పగ తీర్చుకోవద్దనీ మేలు చేత కీడును జయించాలనీ చెప్పాడు. ఈ రెండూ ఒకే మనిషి నోట వచ్చిన మాటలు కాబట్టి వాటి మధ్య పొత్తు ఎక్కడుందో వెదుక్కోవడం మన పని.

ఆ పొత్తు ఎలా ఉంటుందో మన పక్క రాష్ట్రంలో కళ్లారా చూశాము. ఒడిశాలోని బారిపదలో కుష్ఠురోగుల మధ్య పనిచేస్తూ వచ్చిన ఆస్ట్రేలియా దేశస్థుడు గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని 1999 జనవరి 22 రాత్రి కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, వాళ్లు నిద్రిస్తున్న బండికి నిప్పంటించి చంపారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని ప్రకటించారు. ఆ మాట మన ప్రసంగాల్లో వందల సార్లు వినపడుతుంది. ఆమె చెప్పిన రెండో మాట మాత్రం అంతగా వినపడదు. క్షమించడాన్నీ, నేరానికి రావలసిన ఫలితాన్నీ కలపకూడదని ఆమె అన్నారు. సీబీఐ దర్యాప్తు సాగింది, 2003లో కింది కోర్టు ప్రధాన నిందితుడు దారాసింగ్‌కు ఉరిశిక్ష విధించింది, 2005లో ఒడిశా హైకోర్టు దానిని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు ఆ యావజ్జీవాన్నే ఖాయం చేసింది. ఇదంతా కోర్టుల దారిన కోర్టుల్లో జరుగుతుండగా ఆమె 2004 దాకా అదే బారిపదలో అదే కుష్ఠురోగుల సేవలో ఉండిపోయారు. ఆమె క్షమించడం వల్ల కేసు కొట్టివేయబడలేదు. కేసు నడవడం వల్ల ఆమె క్షమాపణ అబద్ధమూ కాలేదు.

మీ జిల్లా వారికి నేను కారంచేడు గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. 1985 జూలైలో, మాదిగపల్లె తాగే నీళ్లలోకి మురికి పోతున్నదని అడ్డు చెప్పినందుకు మొదలైన గొడవలో, మంచినీళ్లకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ తన మీదికి వచ్చిన దెబ్బను చేతిలో ఉన్న బిందె ఎత్తి ఆపారు. మర్నాడు, జూలై 17న, ఊళ్లోని పెత్తందారీ కులంవాళ్లు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకు చేరి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టులో ముగిసేసరికి 2008 వచ్చింది. సువార్త అని పేరు పెట్టుకున్న ఆ మనిషి బిందె ఎత్తడం క్రైస్తవ ప్రేమకు విరుద్ధమా అని ఒకసారి వేదాంత కళాశాల విద్యార్థులను అడిగాను. గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా మట్టుకు నాకు అందులో ద్వేషం కనబడదు. దెబ్బకు అడ్డుపెట్టిన బిందె వేరు, తిరిగి కొట్టిన కర్ర వేరు.

ఇక రాజీ మాట. నేను సంఘకాపరిగా కొత్తలో ఉన్నప్పుడు మీ అయ్యగారి లాగానే ఒక కుటుంబాన్ని రాజీకి ఒప్పించాను. ఆరాధన అయిపోయాక గుడిలోనే కాగితం రాశారు. దెబ్బలు తిన్న కుర్రవాడి తల్లి వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలును తాను కూర్చున్న బల్ల అంచుకు తుడిచి వెళ్లిపోయింది. ఆ నీలి మరక నేను ఆ ఊళ్లో ఉన్న నాలుగేళ్లూ పోలేదు. ఆమె ప్రతి ఆదివారమూ వచ్చేది గానీ, ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారానికి మాత్రం ఒక్కసారి కూడా ముందుకు రాలేదు. కొట్టినవాళ్లు ఆ రోజు గుడికే రాలేదని, వాళ్ల తరఫున మాట్లాడినవాళ్లే వచ్చారని నాకు తట్టడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. క్షమించే హక్కు ఆ తల్లీకొడుకులది, దానిని వాళ్ల చేతిలోంచి తీసుకుని నేను పంచిపెట్టాను.

అందుకని మీ దగ్గరికి వచ్చిన పెద్దమనుషులను మీరు కొన్ని సంగతులు అడగండి. కొట్టినవాళ్లు తామే మీ గుమ్మంలోకి వచ్చి తప్పు ఒప్పుకుంటారా, ఆస్పత్రి ఖర్చు భరిస్తారా, గొడవకు కారణమైన దారి తెరిచి ఉంచుతారా? ఈ మూడూ జరిగితే రాజీ గురించి ఆలోచించడంలో తప్పు లేదు. కొన్ని నేరాలకు కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది, కొన్నింటికి కుదరదు, అది మీ వకీలుగారు చెప్పవలసిన మాట. క్రైస్తవులైన దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా లేకపోవడం వల్ల అట్రాసిటీ చట్టం దగ్గర వచ్చే చిక్కులు కూడా ఆయనకే తెలుస్తాయి. సంఘానికి మంచి పేరు రావడం కోసమైతే మాత్రం కేసు మానుకోకండి. మీ తమ్ముడి చెయ్యి సంఘం పేరు కోసం విరగలేదు. మీ అమ్మగారితో పంతానికి పోకుండా, ఆమెకు రాత్రిపూట భయం వేస్తున్నదేమో ముందు కనుక్కోండి. తల్లులు చాలాసార్లు భయపడి ఒప్పుకుంటారు, మనం దానిని క్షమాపణ అనుకుంటాము.

ప్రశ్న: నేను క్రైస్తవుణ్ణి కాను, మీ పత్రికను మా హాస్టల్ మిత్రుడి దగ్గర చదువుతాను. ప్రేమే జవాబు అని మీరు రాస్తుంటారు. జనాభాలో అత్యధికులు క్రైస్తవులైన రువాండాలో 1994లో అంత నరమేధం ఎలా జరిగింది? మన పల్లెల్లో మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి ఎందుకున్నాయి?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఈ ప్రశ్నకు సమర్థన రాయడానికి నాకు చెయ్యి రాదు. 1994 ఏప్రిల్ నుంచి జూలై వరకు దాదాపు 100 రోజుల్లో రువాండాలో హుటూ జాతి తీవ్రవాదులు సుమారు 8 లక్షల మందిని చంపారు, వారిలో అత్యధికులు టుట్సీ జాతివారు. చంపినవాళ్లలోనూ చచ్చిపోయినవాళ్లలోనూ ఎక్కువమంది బాప్తిస్మం పొందినవారే. చర్చిలోకి వస్తే ప్రాణం దక్కుతుందని పరుగెత్తుకొచ్చినవారిని చర్చిలోనే నరికారు. న్యమాట అనే ఊరి చర్చిని ఇప్పుడు స్మారకంగా ఉంచారు. అక్కడి బల్లల మీద చనిపోయినవారి బట్టలు కుప్పలుగా ఉన్నాయి. 2017లో పోప్ ఫ్రాన్సిస్ సంఘపు పాపాలకు క్షమించమని అడిగారు. అడగడానికి 23 ఏళ్లు పట్టిందని మీరు అంటే నేను కాదనను.

ఆ 100 రోజుల్లోనే గిసెనీ పట్టణంలో ఫెలిసితాస్ నియితెగెకా అనే ఒక స్త్రీ ఉన్నారు. ఆమె హుటూ జాతివారు, అంటే ఆమె ప్రాణానికి ముప్పు లేదు. ఆమె తన ఇంట్లో టుట్సీలను దాచి సరిహద్దు దాటించారు. సైన్యంలో అధికారిగా ఉన్న ఆమె సోదరుడు తప్పించుకొమ్మని కబురు చేస్తే, దాచిన వాళ్లను వదిలి తాను రానని జవాబు రాశారు. వాళ్లతో పాటే ఆమెనూ చంపేశారు. ఒక్క ఫెలిసితాస్‌ను చూపించి అన్ని చర్చిల రక్తాన్నీ కడిగేసే ఉద్దేశం నాకు లేదు. మేము ప్రేమ అని పిలిచే దానికి కొలత ఏమిటని మీరు అడిగితే మాత్రం, బాప్తిస్మపు రిజిస్టరులోని అంకెలను చూపించను, ఆ ఇంటి తలుపును చూపిస్తాను.

మన పల్లెల సంగతి మీరు చెప్పింది నిజమే. కొన్నిచోట్ల సమాధుల తోటలు కూడా వేరువేరుగా ఉన్నాయి. ఒక మిషను ఒక పల్లెలో, ఇంకొక మిషను ఇంకొక పల్లెలో పనిచేయడం వల్ల ఇలా జరిగిందని మేము చరిత్ర చెబుతుంటాము. అది సగం నిజం. మిషనులు వెళ్లిపోయి ఇన్నేళ్లయినా గోడలు నిలబడి ఉన్నాయంటే వాటికి సున్నం వేస్తున్నది మేమే. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారికి తొలి రోజుల్లోనే ఈ పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకోకుండా ఉంటే తాము వస్తామని, పిల్లలను బడికి పంపుతామని పై కులాలవారు చెప్పారు. ఆయనా ఆయన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయుల మొదటి అధ్యాయమే కనబడిందని ఆయన రాసుకున్నారు. లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం అది. ఆయన మాదిగలను ఎంచుకున్నారు, పై కులాల పిల్లలు బడి మానేశారు. బడి ఖాళీ అవుతుందని తెలిసి కూడా తీసుకున్న అటువంటి నిర్ణయం ఇప్పుడు మా సంఘాల్లో ఎన్నిచోట్ల కనబడుతుందని మీరు మళ్లీ అడగవచ్చు. అడగండి, అచ్చు వేస్తాము.

ప్రశ్న: మా సంఘం వాట్సాప్ గ్రూపులో అన్యమతస్థులను తిడుతూ వీడియోలు పెడుతున్నారు. మన మీద దాడులు జరుగుతుంటే ఊరుకుంటామా అంటారు. వద్దన్నందుకు నన్ను పిరికిదానివన్నారు. నేను గ్రూపు నుంచి బయటికి రావాలా?
– గృహిణి, హైదరాబాద్

జవాబు: రావద్దమ్మా, మీరు వచ్చేస్తే వద్దనేవారు ఒకరు తగ్గిపోతారు. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞలో ఆ పొరుగువాడు మన మతంవాడై ఉండాలని ఎక్కడా లేదు. వీడియో పెట్టినవారికి ఫోన్ చేసి, ఇది ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, మీకు ఎవరు పంపారు అని మర్యాదగా అడగండి. నా అనుభవంలో మూడో ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. మన మీద నిజంగా జరిగిన దాడి గురించి అయితే తేదీతో, ఊరితో, ఫిర్యాదు నంబరుతో చెప్పుకుందాము. ఆ చెప్పడంలో ఎవరి దేవుణ్ణీ తిట్టనవసరం రాదు.

ప్రశ్న: మా ఇంటాయనను పట్టపగలు పొడిచి చంపారు. మూడేళ్లయింది. పరలోక ప్రార్థనలో "మాయెడల అపరాధములు చేసినవారిని మేము క్షమించిన ప్రకారము" అనే చోట నాకు గొంతు పెగలడం లేదు. అబద్ధమాడినట్టు ఉంటుంది. నేను గుడికి వెళ్లవచ్చా?
– పేరు, ఊరు వద్దన్న ఒక సోదరి

జవాబు: అమ్మా, తప్పకుండా వెళ్లండి. నోటికి వచ్చిన మాట నిజం కాదేమోనని మూడేళ్లుగా ఆగుతున్న మీరు, దానిని ఆలోచించకుండా చెప్పేసే మా అందరికంటే ఆ ప్రార్థనకు దగ్గరగా ఉన్నారు.

కేరళ నుంచి వచ్చి మధ్యప్రదేశ్‌లో పేదల మధ్య పనిచేసిన సిస్టర్ రాణీ మరియాను 1995 ఫిబ్రవరి 25న, ఆమె ప్రయాణిస్తున్న బస్సులో సమందర్ సింగ్ అనే యువకుడు కత్తితో పొడిచి చంపాడు. ఆమె సొంత చెల్లెలు సిస్టర్ సెల్మీ, 2002లో రాఖీ పండుగనాడు జైలుకు వెళ్లి అతని చేతికి రాఖీ కట్టారు. ఈ కథ చెప్పేవాళ్లు రాఖీ గురించే చెబుతారు. నాకు 1995కూ 2002కూ మధ్య ఉన్న ఏడేళ్లు ముఖ్యంగా కనబడతాయి. సొంత అక్కను పోగొట్టుకున్న మనిషి, అదీ సన్యాసిని, ఆ జైలు గుమ్మం తొక్కడానికి అంత కాలం గడిచింది. మీకు మూడేళ్లే అయింది. అందరికీ ఆ దారి జైలు దాకా పోవాలనీ లేదు. చంపినవాడికి కీడు జరగాలని కోరుకోకుండా ఒక్క పూట గడిస్తే ఆ పూటకు అది చాలు. కోర్టులో సాక్ష్యం చెప్పవలసి వస్తే జరిగింది జరిగినట్టు చెప్పండి, అందులో పాపం లేదు.

మిమ్మల్ని తొందరపెట్టేవారు ఎవరైనా, చివరికి మీ పాస్టరుగారే అయినా, ఇంకా కాలేదని చెప్పి ఊరుకోండి. ఆ ప్రార్థనలో ఎక్కడా "నా" అనే మాట లేదు, మొదటి నుంచి చివరిదాకా "మా" అనే ఉంది. వచ్చే ఆదివారం ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు మీరు ఆగిపోండి. మీ పక్కన కూర్చున్నవారు ఆ ఒక్క వాక్యం మీ తరఫున కూడా చెబుతారు, తరువాతి వాక్యం దగ్గర మీరు మళ్లీ కలవండి.