షుగర్ దిగనప్పుడు డోసు కంటే ముందు చూడాల్సినవి

"ఇండియాలో ఉన్నప్పుడు 150, 160 మధ్య తిరిగేది. ఇక్కడికొచ్చి నెల కాకముందే 280కి కిందకి దిగనంటోంది. ఇన్సులిన్ వేసుకుంటూనే ఉన్నాను. ఏం చెయ్యాలి?" టైప్ వన్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం షుగర్ జబ్బు) ఉండి చదువుకో ఉద్యోగానికో అమెరికా వచ్చిన మనవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. పక్కనున్నవాళ్ళు చెప్పే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: అన్నం మానెయ్యి. నన్నడిగితే, అన్నం జోలికి పోయే ముందు ఇన్సులిన్ని అనుమానించండి. మీరు వేసుకున్నాననుకుంటున్న యూనిట్లు నిజంగా ఒంట్లోకి వెళ్తున్నాయా, వెళ్ళిన మందు పనిచేసే స్థితిలోనే ఉందా? ఈ రెండూ తేలకుండా డోసు పెంచుకుంటూ పోతే ఏదో ఒక రాత్రి షుగర్ అమాంతం పడిపోతుంది.

నేను డాక్టర్ని కాను, టైప్ వన్‌తో చాలా ఏళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నవాణ్ణి. కింద రాసిన లెక్కలు అర్థం కావడానికే. మీ డోసు మీ డాక్టరు చెప్పాల్సిందే.

మొట్టమొదట సీసా మీద రాసింది చదవండి. మన దగ్గర మందుల షాపుల్లో సీసాల్లో అమ్మే హ్యూమన్ ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్ల బలంతో ఉంటుంది. దానికి ఎర్ర మూత సిరంజి. అమెరికాలో మామూలుగా దొరికేది మిల్లీలీటరుకి 100 యూనిట్లది. దాని సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. మా పక్క బిల్డింగులో దిగిన ఎంఎస్ కుర్రాడు గుంటూరు నుంచి నెలలకి సరిపడా సీసాలు తెచ్చుకున్నాడు గానీ సిరంజిలు ముందే అయిపోయాయి. ఫార్మసీలో కొత్త ప్యాకెట్టు కొనుక్కుని ఎప్పటిలాగే 20 గీత దాకా లాగి పొడుచుకున్నాడు. నారింజ మూత సిరంజిలో 20 గీత అంటే 0.2 మిల్లీలీటర్లు. అతని సీసాలోంచి అంత లాగితే వచ్చేది 8 యూనిట్లే. పాపం, 300 చుట్టూ తిరుగుతున్న షుగర్‌ని చూసుకుంటూ అన్నం మానేశాడు, ఓట్స్ తిన్నాడు, రాత్రిళ్ళు పార్కింగ్ లాట్‌లో నడిచాడు. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి సిరంజి పక్కన పెట్టి చూస్తే విషయం రెండు నిమిషాల్లో తేలింది.

దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకా ప్రమాదం. అమెరికా సీసా కొని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు. రెండు రకాలూ ఒకే డబ్బాలో ఉంచుకోకండి. ఇక్కడి ఇన్సులిన్ మొదలుపెట్టిన రోజే పాత సిరంజిలన్నీ తీసేయండి. పెన్నులు, కార్ట్రిడ్జులు మన దగ్గరా 100 బలంతోనే వస్తాయి కాబట్టి పెన్ను వాడేవాళ్ళకి ఈ గొడవ లేదు. 200, 300 బలం ఉన్న పెన్నులు కూడా ఉన్నాయి గానీ డయల్ మీద కనిపించేది యూనిట్లే. వాటిలోంచి సిరంజితో లాగడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు.

బలం సరిగ్గానే ఉందనుకుందాం. మందు చెడిపోలేదని నమ్మకమేమిటి? ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, కరిగాక చూడ్డానికి మామూలుగానే కనిపించినా సరే. అందుకే విమానంలో చెక్-ఇన్ బ్యాగులో వెయ్యొద్దు, చేతి బ్యాగులోనే పెట్టుకోండి. సెక్యూరిటీ దగ్గర ద్రవాల పరిమితి దీనికి వర్తించదు, ఇన్సులిన్ ఉందని చెబితే చాలు. నలుగురు పంచుకునే ఫ్రిజ్‌లో ఆవకాయ జాడీ వెనక్కి, గోడకి ఆనుకునేలా తోసేసిన సీసా కూడా గడ్డకట్టొచ్చు. తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఇక్కడి ఫ్రిజ్‌ల మీద అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి, 36 నుంచి 46 అన్నమాట. తెరిచాక చాలా రకాలు గది వేడిలో 28 రోజులు నిలుస్తాయి, కొన్ని ఇంకాస్త ఎక్కువ. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాసుకోండి. డాలస్ ఎండలో కారు గ్లవ్ బాక్సులో మరిచిపోయినదీ, షికాగో జనవరిలో రాత్రంతా కార్లో ఉండిపోయినదీ పారెయ్యాల్సిందే. డబ్బు పోయిందని బాధపడతాం, నిజమే. కానీ చచ్చుబడిన ఇన్సులిన్‌ని నమ్ముకుంటే పట్టే ఖర్చు ముందు అదెంత? పోస్టులో వచ్చే ఇన్సులిన్ గుమ్మం ముందు ఎండలో కూర్చోకుండా, ఇంట్లో ఉండే రోజునే వచ్చేట్టు చూసుకోండి.

మూడోది పొడుచుకునే చోటు. సులువుగా ఉంటుందని, నొప్పి తెలియదని బొడ్డు పక్కన ఒకే చోట ఏళ్ళ తరబడి పొడుచుకుంటే చర్మం కింద కొవ్వు గడ్డలా మెత్తగా ఉబ్బుతుంది. అక్కడ వేసిన ఇన్సులిన్ ఒకరోజు అందుతుంది, ఒకరోజు అందదు. పడుకుని వేళ్ళతో తడిమి చూడండి, చాలామందికి దొరుకుతుంది. అలాంటి చోటు వదిలి కొత్త చోటికి మారినప్పుడు అదే డోసు గట్టిగా పనిచేస్తుంది కాబట్టి, ఎంత తగ్గించాలో డాక్టర్ని అడిగి మారండి. పెన్నైతే ముందు రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చూసుకోవాలి, బటన్ నొక్కాక పదంకెలు లెక్కపెట్టి సూది తియ్యాలి. పంపు (ట్యూబు ద్వారా ఒంట్లోకి ఇన్సులిన్ ఎక్కించే చిన్న యంత్రం) వాడేవాళ్ళు కారణం తెలియకుండా షుగర్ పెరిగితే, దాన్ని దించడానికి వేసే ఒక కరెక్షన్‌కి దిగకపోతే, ముందు ట్యూబు వంగిందేమోనని అనుమానించి పెన్నుతోనో సిరంజితోనో వేసుకుని ట్యూబు సెట్టు మార్చెయ్యాలి.

అన్నట్టు, మీటరు 320 చూపించగానే కంగారుపడకండి. మామిడిపండు కోసిన వేలితోనే పొడిచి చూస్తే మీటరు పండు తీపిని కూడా కలిపి చెబుతుంది. చెయ్యి కడుక్కుని మళ్ళీ చూడండి.

ఇక వేళ సంగతి. మన దగ్గర టైప్ వన్ వాళ్ళలో పొద్దున, రాత్రి రెండు పూటలా 30/70 మిశ్రమం (30 వంతులు త్వరగా, 70 వంతులు నిదానంగా పనిచేసే ఇన్సులిన్) వాడేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. అది వేళకి తినేవాళ్ళ కోసం చేసిన మందు. ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి క్లాసు, సాయంత్రం క్యాంపస్‌లో పని, రాత్రి పదకొండుకి భోజనం. ఆ బతుక్కి ఈ మిశ్రమం పొసగదు. ఇక్కడి డాక్టర్లు ఎక్కువగా రోజంతా పనిచేసే బేసల్ ఒకటీ, తిండికి ముందు వేసుకునే త్వరగా పనిచేసే బోలస్ ఒకటీ రాస్తారు. సూదులు పెరుగుతాయని భయపడొద్దు, ఆకలేసినప్పుడే తినే స్వేచ్ఛ వస్తుంది. లిస్ప్రో, ఆస్పార్ట్ లాంటి త్వరగా పనిచేసేవి తినడానికి పావుగంట ముందు వేసుకుంటే చాలు. పాత రకమైన రెగ్యులర్ ఇన్సులిన్ అయితే అరగంట ముందు వెయ్యాలి. పళ్ళెం ముందు కూర్చుని రెగ్యులర్ వేసుకుంటే అన్నం ముందు పరిగెడుతుంది, మందు వెనక నడుస్తుంది.

నేను చూసిన వాటిలో చదువుకున్నవాళ్ళు కూడా తప్పటడుగు వేసేది కరెక్షన్ దగ్గరే. ఒక ఉదాహరణ చెబుతాను. రోజు మొత్తం మీద 45 యూనిట్లు వాడే మనిషికి డాక్టర్లు మొదలుపెట్టే లెక్క 1800ని 45తో భాగించడం. అంటే ఒక యూనిట్ సుమారు 40 పాయింట్లు దించుతుంది. రాత్రి తొమ్మిదికి షుగర్ 280 ఉంది, 120కి రావాలి. తేడా 160, కాబట్టి 4 యూనిట్లు వేశాడు. పదింటికి చూస్తే 265. "ఏం పనిచెయ్యలేదే" అని మళ్ళీ 4 వేశాడు. త్వరగా పనిచేసే ఇన్సులిన్ కూడా ఊపందుకోవడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది, దాని ప్రభావం మూడు నుంచి ఐదు గంటలుంటుంది. మొదటి నాలుగూ పని మధ్యలో ఉండగానే రెండో నాలుగూ వచ్చి చేరాయి. అర్ధరాత్రి దాటాక చెమటలు పట్టి, చేతులు వణికి, వంటగదిలో పంచదార డబ్బా వెతుక్కుంటాడు. చేతికందినదల్లా తింటే పొద్దున మళ్ళీ 300. అది చూసి మళ్ళీ డోసు పెంచుతాడు. ఒంటికి అంటించుకుని షుగర్ ఎప్పటికప్పుడు చూపించే సెన్సర్ ఉంటే బాణం గుర్తు కిందికి తిరిగిందో లేదో చూడండి, సెన్సర్ లేకపోతే కనీసం మూడు గంటలాగండి. ఆ టెన్షన్‌లో ఆగడం కష్టమని నాకూ తెలుసు.

పొద్దున లేవగానే మాత్రమే ఎక్కువుంటే రాత్రి తిన్నదాన్ని తిట్టుకోవడం ఆపి, రెండు మూడు రాత్రులు మూడింటికి అలారం పెట్టుకుని చూడండి. పడుకునేటప్పుడు ఎంతో మూడింటికీ అంతే ఉండి, తెల్లవారుజామున పెరిగితే అది ఆ వేళ ఒంట్లో పెరిగే హార్మోన్ల పని. పడుకున్న దగ్గర్నుంచీ మెల్లగా పెరుగుతూ పోతే బేసల్ చాలట్లేదేమో అడగాలి. వారాంతం బిర్యానీ, పిజ్జా తిన్న రాత్రి లెక్క వేరు: కొవ్వు వల్ల తిండి ఆలస్యంగా అరిగి, తిన్న రెండు గంటల తర్వాత బాగున్న షుగర్ ఐదు గంటల తర్వాత ఎక్కుతుంది.

అన్నం గురించి ఇంత చాలు: ఇక్కడి కొలత కప్పు నిండా వండిన అన్నంలో దాదాపు 45 గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు) ఉంటాయి. కొలిచి తినండి, దానికి తగ్గ యూనిట్లు వేసుకోండి. మానెయ్యక్కర్లేదు. వంద డాలర్ల పొడులు, కాకరకాయ మాత్రలు మానెయ్యొచ్చు.

కారణం లేకుండా వారాల తరబడి పెరిగిందనిపిస్తే ఈ మధ్య ఏం మారిందో వెనక్కి తిరిగి చూసుకోండి. అర్జెంట్ కేర్‌లో దగ్గుకో దద్దుర్లకో ప్రెడ్నిసోన్ ఇచ్చారా? స్టెరాయిడ్ షుగర్‌ని ఎగదోస్తుంది, టైప్ వన్ ఉందని అక్కడ ముందే చెప్పాలి. నడిచి బస్సెక్కే అలవాటు పోయి కార్లకీ కుర్చీలకీ అతుక్కుపోయారా? ఆడవాళ్ళకి నెలసరికి ముందు కొన్ని రోజులు పెరగడం మామూలే. జబ్బు బయటపడి ఏడాది కూడా కాలేదంటే, మిగిలిన కాస్త సొంత ఇన్సులిన్ కూడా తగ్గిపోతూ డోసు పెరగాల్సిన సమయం వచ్చి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. మొదటి చలికాలంలో ఫ్లూ వస్తుంది, వాంతులవుతాయి, ముద్ద దిగదు. అమ్మ ఫోన్లో "ఏమీ తినలేదు కదా నాన్నా, ఇవాళ ఇన్సులిన్ వేసుకోకు" అంటుంది. ఆ ఒక్క మాట వినకండి. టైప్ వన్‌లో తినకపోయినా బేసల్ ఆపకూడదు. జ్వరంలో ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది కూడా. అది అందకపోతే ఒళ్ళు కొవ్వుని కాల్చి కీటోన్లు తయారుచేస్తుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. దీన్నే డీకేఏ (డయాబెటిక్ కీటోఅసిడోసిస్) అంటారు. షుగర్ 250 దాటి దిగకపోయినా, వాంతులవుతున్నా కీటోన్లు చూడాలి. మూత్రంలో ముంచే స్ట్రిప్పులు ఏ ఫార్మసీలోనైనా చీటీ లేకుండా దొరుకుతాయి, ఇవాళే ఒక డబ్బా కొనిపెట్టుకోండి. కొంచెం కనిపిస్తే నీళ్ళు బాగా తాగుతూ డాక్టరు ఆఫీసుకి ఫోన్ చెయ్యండి, అర్ధరాత్రైనా ఆన్-కాల్‌లో ఒకరుంటారు. మధ్యస్థంగా గానీ ఎక్కువగా గానీ చూపించినా, నీళ్ళు కూడా ఇమడకపోయినా, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉన్నా ఆసుపత్రి ఎమర్జెన్సీకి, అంటే ఈఆర్‌కి వెళ్ళాలి. బిల్లు ఎంతవుతుందోనని తెల్లారేదాకా ఆగొద్దు. కీటోన్లున్నప్పుడు వ్యాయామంతో షుగర్ దించుదామని పరిగెత్తడం కూడా వద్దు.

ఇన్సూరెన్స్ గురించి క్లుప్తంగా. ఎండోక్రైనాలజిస్ట్ (షుగర్, హార్మోన్ల డాక్టరు) అపాయింట్‌మెంట్‌కి నెలలు పట్టొచ్చు, అందాకా ప్రైమరీ కేర్ డాక్టరు కూడా ఇన్సులిన్ రాయగలరు. వచ్చిన మొదటి వారంలోనే చూపించుకోండి, తెచ్చుకున్నది అయిపోయే వారంలో కాదు. ఇన్సులిన్ తయారుచేసే లిల్లీ, నోవో నార్డిస్క్, సనోఫీ మూడూ 2023లో ధరల కోతలు ప్రకటించాయి. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి కూడా నెలకి 35 డాలర్ల పథకాలున్నాయి, షరతులు కంపెనీ సైట్లలో చూసుకోండి. చేతిలో ఏమీ లేక ఇబ్బందిలో పడితే వాల్‌మార్ట్‌లో చాలా రాష్ట్రాల్లో రెగ్యులర్, ఎన్‌పీహెచ్ (నిదానంగా పనిచేసేది), 70/30 (మన 30/70 మిశ్రమమే) రకాల సీసా సుమారు 25 డాలర్లకి చీటీ లేకుండా ఇస్తారు. అది పాత తరం ఇన్సులిన్, యూనిట్‌కి యూనిట్ మార్చి వాడేది కాదు. ఫార్మసిస్ట్‌తోనో డాక్టరుతోనో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు.

ఇంగ్లండ్, కెనడా, ఆస్ట్రేలియా వెళ్ళినవాళ్ళకి ఒక మాట. అక్కడ మీటరు మిల్లీమోల్స్‌లో చూపిస్తుంది, 18తో గుణిస్తే మన లెక్కలోకి వస్తుంది. 14 అని చూసి సంతోషించకండి, అది 252. ఇంగ్లండ్‌లో ఇన్సులిన్ వాడేవాళ్ళు జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర ఫారం తీసుకుని మినహాయింపు సర్టిఫికెట్ తెచ్చుకుంటే మందులు ఉచితం. కారు నడిపేట్టయితే అక్కడ డ్రైవింగ్ లైసెన్సులిచ్చే సంస్థ డీవీఎల్‌ఏకి తెలియజెయ్యాలి.

పైవన్నీ సరిచేసుకున్న మొదటి వారమే షుగర్ పడిపోయే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పెంచుకుంటూ వచ్చిన డోసు ఇప్పుడు పూర్తిగా ఒంటికి పడుతుంది. అందుకే సరిచేసుకున్న రోజే డాక్టరుకి చెప్పి డోసు తిరిగి చూపించుకోండి. మంచం పక్కన గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకోండి. 70 కంటే తగ్గితే నాలుగు నమిలి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోండి. టైప్ వన్ ఉందని రూమ్మేట్లకి చెప్పడానికి మొహమాటపడేవాళ్ళున్నారు, పెళ్ళి సంబంధాల దాకా మాట వెళ్తుందని. కనీసం ఒక్కరికైనా చెప్పండి: స్పృహ తప్పితే నోట్లో జ్యూస్ పోయొద్దని, పడిపోయిన షుగర్ పెంచడానికి ముక్కులో కొట్టే మందు గ్లూకగాన్ ఫ్రిజ్ పక్క సొరుగులో ఉందని, అది కొట్టి వెంటనే 911కి ఫోన్ చెయ్యమని. దాని ప్రిస్క్రిప్షన్ డాక్టర్ని మీరే అడిగి రాయించుకోండి.