ఏటి పేరు, పిల్ల పేరు

ప్రశ్న: అమ్మా, మాది ఒడిశాలోని గుణుపురం. మనవరాలికి మూడో నెల. పేరు లేకుండానే పుట్టుక నమోదైంది. ఏటి ఒడ్డున పుట్టిన పిల్ల కదా, వంశధార అని పెడదామంటారు మా ఆయన. అలాంటి పేరు ఎక్కడా వినలేదంటుంది కోడలు. పక్కింటి ఒడియా ఆవిడేమో అప్పుడే ‘బొంగ్సొధారా’ అని ముద్దు చేస్తోంది. రేపు బళ్లో కూడా ఇలాగే మారిపోతుందా? ఏం చేయమంటారు?
– ఒక నాయనమ్మ

జవాబు: నాయనమ్మ గారూ, ముందు నా గోడు వినండి. నా పేరు విశాలాక్షి. పర్లాకిమిడిలో ఒడియా బళ్లో చేరిన రోజు నుంచి నేను బిసాళాఖ్యిని. వ కాస్తా బ, శ కాస్తా స, ల కాస్తా ళ, క్ష కాస్తా ఖ్య. ఉన్నవి నాలుగక్షరాలు, ఒక్కటీ మిగల్లేదు! మొదటి రోజు హాజరు పిలిస్తే అది నా పేరని తెలియక పలకలేదు. మాస్టారు ఆబ్సెంట్ వేసేశారు.

మీ పక్కింటావిడ తప్పు పలకడం లేదు, ఆ ఏటిని వాళ్లు పిలిచేదే అలా. ఒడియాలో వ బ లాగే వినిపిస్తుంది, శ ష స మూడూ స యే. అకారం ఒకారంలా పలుకుతుంది. సున్న తర్వాత స వస్తే ముక్కులోంచి ‘ఙ్’ వస్తుంది. అందుకే వంశ బొంగ్సొ అయింది. ‘ధార’కి మాత్రం ఏమీ కాలేదు చూశారా? కొస కొంచెం సాగింది, అంతే. కలహండి కొండల్లో పుట్టి, మీ గుణుపురం మీదుగా వచ్చి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేదాకా అవే నీళ్లు. ఆ నీళ్ల కోసం ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ట్రిబ్యునల్‌కి ఎక్కాయి గానీ పేరు కోసం ఎవరూ తగువుపడలేదు.

ఇక కోడలి సందేహం. ముప్పై ఏళ్లు బళ్లో హాజరు పిలిచాను. గోదావరులు, కావేరులు, కృష్ణవేణులు, నర్మదలు ఎంతమందో. వంశధార ఒక్కతీ తగల్లేదు, నాగావళీ లేదు. మన ఏళ్లంటే మనకే చిన్నచూపు కాబోలు. మా ఊరి పక్కన పారే ఏరు మహేంద్రతనయ, అంటే మహేంద్రగిరి కూతురు. అంత చక్కటి పేరు ఏ ఆడపిల్లకీ పెట్టగా చూడలేదు. (అంత పొడుగు పేరు పెట్టి అన్నానికి ఎవరు పిలుస్తారు లెండి.) వంశం అంటే సంస్కృతంలో వెదురు కూడా. కోడలికి ఆ అర్థం చెప్పి చూడండి, నచ్చుతుందేమో. ముద్దుకి వంశీ అని మాత్రం కుదించకండి, అది మగపిల్లల పేరైపోయింది. ధార అనండి, మీ నోట్లోనూ పక్కింటావిడ నోట్లోనూ ఒకటే.

పలుకుబడి గురించి టెన్షన్ వద్దు. జాగ్రత్త పడాల్సింది రాత దగ్గర. ఇంగ్లిష్ ‘వి’ని ఒడియాలో ‘భి’ అని రాయడం మామూలు. బరంపురంలో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు కూడా ఒడియా రాతలో భి.భి.గిరే. మీరు ఇంగ్లిష్‌లో ‘వి’తో రాసిచ్చి ఊరుకుంటే గుమాస్తా దాన్ని భంశధార చేసినా చేయగలడు. ఒడియాలో రాయాల్సి వస్తే ఏటి పేరు రాసినట్టే ‘బ’తో రాయమనండి. ఇంగ్లిష్‌లో మాత్రం ‘వి’నే పట్టుకోండి. ‘బి’ వేశారంటే తెలుగువాళ్లు కూడా బంశధార అంటారు, ఇక దాన్ని ఆపలేరు.

పుట్టుక నమోదైన ఏడాదిలోపు పేరు చేర్పించుకుంటే రుసుం ఉండదు. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుం కట్టి చేర్చుకోవచ్చు. మీరు అందాకా ఆగొద్దు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి జనన సర్టిఫికెట్టే ఆధారం. కౌంటర్ దగ్గర నిలబడే అక్షరం అక్షరం చదవండి. వెనక లైన్లోవాళ్లు విసుక్కున్నా సరే.

బళ్లో ఇచ్చిన కాగితాన్ని మా నాన్న చదవకుండా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నా పదో తరగతి సర్టిఫికెట్లో ‘బి’, బ్యాంకు పుస్తకంలో ‘వి’. పింఛను కాగితాలు పెట్టే రోజున ఆ ఇద్దరూ నేనేనని అఫిడవిట్ రాసిచ్చాను.