కన్నూ మెదడూ కలిసి పనిచేస్తున్నాయా? ఆ పరీక్షే వృత్తిగా...

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతిలో సైన్స్ చదువుతోంది. చిన్నప్పుడు పావుగంట చదివితే చాలు తలనొప్పి అనేది, అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయనేది. కళ్లద్దాల పరీక్షలో చూపు 6/6 అని తేలడంతో చదవడానికి బద్ధకం అనుకున్నాం. చివరికి ఒక ప్రత్యేక పరీక్షలో, దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్లూ కలిసి దాని మీద నిలవడం లేదని తెలిసింది. కొన్ని వారాల వ్యాయామాలతో ఆ బాధ తగ్గింది. ఇప్పుడు ఆ పరీక్షలు చేసే పనే నేర్చుకుంటానంటోంది. వాళ్ల నాన్నగారేమో డాక్టరు చదవాల్సిందేనంటున్నారు. అసలు ఇదొక వృత్తేనా? చివరికి కళ్లద్దాల దుకాణంలో కూర్చోవలసి వస్తుందేమోనని నా భయం.

జవాబు: అమ్మా, బద్ధకం అనుకున్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. 6/6 అనేది దూరంగా ఉన్న అక్షరాన్ని ఒక్కో కన్ను విడిగా ఎంత స్పష్టంగా పట్టుకుంటోందో చెప్పే లెక్క. నెదర్లాండ్స్ నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో రూపొందించిన అక్షరాల పట్టిక ఆ పనిని ఇప్పటికీ చక్కగా చేస్తోంది. అయితే రెండు కళ్లూ జోడెడ్లలా కలిసి నడుస్తున్నాయా, అవి పంపే రెండు బొమ్మలనూ మెదడు ఒకటి చేయగలుగుతోందా అన్నది ఆ పట్టికకు అందదు. దాన్ని కనిపెట్టడం వేరే విద్య. అది వృత్తే, పైగా దాదాపు నూరేళ్ల వయసున్న వృత్తి. 1920ల్లో లండన్‌లో ఈ పని మొదలుపెట్టిన మేరీ మాడక్స్‌ను తొలి ఆర్థాప్టిస్టుగా, అంటే రెండు కళ్ల కలయికను పరీక్షించి సరిచేసే నిపుణురాలిగా చెబుతారు. ఆమె తండ్రి ఎర్నెస్ట్ మాడక్స్ నేత్రవైద్యుడు. ఆయన పేరుతో ఉన్న మాడక్స్ రాడ్ అనే గీతల గాజు నేటికీ ఈ పరీక్షల బల్ల మీద ఉంటుంది.

అక్కడ జరిగే పని ఎలాంటిదో చెబితే మీ భయం కొంత తగ్గుతుంది. ఎదురుగా ఉన్న బొమ్మను చూడమని చెప్పి ఒక కంటిని మూస్తారు. మూసిన కంటిని కాదు, తెరిచి ఉన్న కంటిని గమనిస్తారు. అది బొమ్మను పట్టుకోవడానికి కదిలిందా, కదిలితే ఎటు? ఆ కదలిక ఒక్కోసారి మిల్లీమీటరులో కొద్ది వంతే ఉంటుంది. ఆ తర్వాత కాంతిని పక్కకు వంచే ప్రిజం గాజులను ఒకదాని తర్వాత ఒకటి అడ్డుపెడుతూ, కదలిక ఆగిపోయేదాకా కొలుస్తారు. ఇక్కడ పెద్ద యంత్రమేదీ లేదు. చెయ్యి, చూపు, ఓపిక ఉంటాయి. ఎదురుగా కూర్చున్నది నాలుగేళ్ల పిల్లవాడైతే, ఆ బొమ్మ వైపు నుంచి వాడి చూపు మళ్లకుండా కబుర్లు చెప్పడం కూడా పరీక్షలో భాగమే.

మీ అమ్మాయి బహుశా దారం, పూసల వ్యాయామం చేసే ఉంటుంది. దారానికి మూడు పూసలుంటాయి. ఒక కొసను ముక్కుకు ఆనించి, రెండో కొసను తలుపు గడియకు కట్టి, మధ్య పూసను చూస్తే దారం రెండుగా కనిపించి సరిగ్గా ఆ పూస దగ్గర కత్తెరలా దాటుకోవాలి. దాటుకునే చోటు పూసకు ముందుకు జరిగితే రెండు చూపులూ మరీ దగ్గరగా కలుస్తున్నట్టు, వెనక్కి జరిగితే కలవాల్సినంత కలవనట్టు. దారం ఒక్కటే కనిపిస్తే, మెదడు ఒక కంటి బొమ్మను పక్కన పెట్టేస్తోందన్నమాట. ఇంత చిన్న దారం మెదడు లోపలి సంగతి చెబుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అది చూసి మీ అమ్మాయికి "ఎందుకలా?" అన్న ప్రశ్న పుట్టి ఉంటే, ఆ ప్రశ్నను చిన్నచూపు చూడకండి.

ఆ ప్రశ్న వెనుక నోబెల్ బహుమతి పొందిన పరిశోధన ఉంది. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ పిల్లికూనలకు పుట్టిన తొలి వారాల్లో ఒక కన్ను మూసి ఉంచారు. తర్వాత తెరిచినా, ఆ కంటి నుంచి వచ్చే సంకేతాలకు మెదడులోని దృష్టి కణాలు దాదాపు స్పందించలేదు. కన్ను బాగానే ఉంది, చూడడం నేర్చుకోవలసిన కాలం మాత్రం దాటిపోయింది. ఈ పరిశోధనకు 1981లో వారికి నోబెల్ వచ్చింది. మెల్లకన్ను, లేజీ ఐ (మెదడు పట్టించుకోక ఒక కంటి చూపు మందగించడం) ఉన్న పిల్లలను త్వరగా తీసుకురమ్మని ఈ వృత్తివారు అంతగా బతిమాలేది ఇందుకే.

పిల్లలే కాదు. పక్షవాతం వచ్చాక రెండు కళ్లలోనూ ఒకే పక్క సగం దృశ్యం పోయి, ఆ పక్కనున్న తలుపు చెక్కలకు తగులుకుంటూ నడిచేవారు వస్తారు. తలకు దెబ్బ తగిలి, కంటిని కదిపే ఆరు కండరాల్లో ఒకదానికి నరం సరిగా పనిచేయక, రెండు బొమ్మలను ఒకటి చేసుకోవడానికి తల పక్కకు వంచి ఉంచేవారు వస్తారు. అందుకే వీరిలో చాలామంది ఆసుపత్రుల్లో నేత్రవైద్యులతో, నరాల వైద్యులతో కలిసి పనిచేస్తారు. కళ్లద్దాల దుకాణం ఈ రంగానికి ఉన్న ఒక ద్వారం మాత్రమే.

ఇక చదువు. దారులు మూడు. వైద్యం చదివి, నేత్రవైద్యంలో పైచదువు పూర్తిచేసి, ఆపై న్యూరో ఆఫ్తాల్మాలజీకి, అంటే చూపుకు సంబంధించిన నరాల, మెదడు వైద్యానికి వెళ్లడం మొదటిది. వాళ్ల నాన్నగారి కోరికా, అమ్మాయి కోరికా కలిసేది అక్కడే, కానీ పదేళ్లకు పైగా పడుతుంది. శస్త్రచికిత్స, మందులు, జబ్బు నిర్ధారణ ఆమెను లాగుతున్నట్లయితేనే ఆ దారి. రెండోది ఆప్టోమెట్రీ, అంటే చూపును పరీక్షించి కళ్లద్దాలు సూచించే విద్య చదివి, రెండు కళ్ల కలయిక మీద ప్రత్యేక శిక్షణ పొందడం. మూడోది నేరుగా ఆర్థాప్టిక్స్. బ్రిటన్‌లో ఇది విడి డిగ్రీ. అమెరికాలో డిగ్రీ తర్వాత రెండేళ్ల శిక్షణ. చాలాచోట్ల ఆప్టోమెట్రీలోనే ఒక భాగం. కాబట్టి కోర్సు పేరు చూసి చేర్చకండి. రోగులతో గడిపే గంటలు ఎన్ని, పిల్లల కంటి విభాగంలో శిక్షణ ఉందా, ఆ పట్టాతో నమోదై స్వతంత్రంగా పనిచేసే హక్కు వస్తుందా అని అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పని కళాశాలలో చేర్చవద్దు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో రుజువైనదీ ఉంది, అతిగా చెప్పేదీ ఉంది. మీ అమ్మాయికి వచ్చిన ఇబ్బంది మీదే అమెరికాలో 221 మంది పిల్లలతో చేసిన పరిశోధన 2008లో వెలువడింది. 12 వారాల పాటు నిపుణుల దగ్గర చేసిన వ్యాయామాలు, ఇంట్లో పెన్సిల్‌ను ముక్కు దగ్గరికి తెస్తూ చేసే వ్యాయామం కంటే స్పష్టంగా మెరుగని అందులో తేలింది. కానీ 2019లో వచ్చిన మరో పరిశోధన, ఆ వ్యాయామాల వల్ల చదివినదాన్ని అర్థం చేసుకునే శక్తి పోల్చిచూడడానికి చేయించిన ఉత్తుత్తి వ్యాయామాల కంటే ఎక్కువేమీ పెరగలేదని చూపింది. డిస్లెక్సియాకు, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బందికి కారణం చూపులో లోపం కాదని, కంటి వ్యాయామాలు దానికి చికిత్స కావని అమెరికా పిల్లల వైద్యుల, నేత్రవైద్యుల సంఘాలు 2009లోనే ప్రకటించాయి. అయినా ఈ వ్యాయామాలతో పిల్లల మార్కులు పెరుగుతాయని ఆశపెట్టేవారున్నారు. ఆ మాట విని వచ్చిన తల్లిదండ్రులకు "నేను చేయగలిగింది ఇంతవరకే" అని చెప్పగలిగే ధైర్యం మీ అమ్మాయికి ఉండాలి. ఎవరైనా హఠాత్తుగా అన్నీ రెండుగా కనిపిస్తున్నాయంటూ, రెప్ప వాలి, ఒక కంటిపాప పెద్దదై వస్తే, ప్రిజం పక్కన పెట్టి ఆ క్షణమే అత్యవసర విభాగానికి పంపాలి. మెదడు రక్తనాళం ఉబ్బినా అలాగే ఉండవచ్చు. ఎవరికి వ్యాయామం చెప్పకూడదో తెలియడం ఈ విద్యలో పెద్ద భాగం.

నేనొకసారి తప్పు చేశాను. భౌతికశాస్త్రంలో, ముఖ్యంగా కాంతి పాఠాల్లో ఎంతో చురుకైన ఒక అబ్బాయికి మరో ఆలోచన లేకుండా ఇదే దారి చూపాను. రెండో సంవత్సరంలో మానేశాడు. లెక్కలు నచ్చాయి గానీ, ఏడ్చే పిల్లలకు అదే పరీక్ష అయిదుసార్లు చేయడం తన వల్ల కాలేదన్నాడు. నేనతన్ని అడగవలసిన ప్రశ్న అదొక్కటే, అదే అడగలేదు.

మీ అమ్మాయి విషయంలో నాకున్న సందేహమూ ఇలాంటిదే. తన బాధ తీరిందన్న కృతజ్ఞత గొప్పది. కానీ రోజుకు పదిహేను మందిని చూసే పనికి అదొక్కటే చాలకపోవచ్చు. ఆమెకు చికిత్స చేసినవారినే అడిగి, రోగుల తల్లిదండ్రులు ఒప్పుకుంటే, సెలవుల్లో నాలుగు రోజులు ఒక మూల కూర్చోనివ్వమనండి. ఒక రోజు పిల్లల విభాగంలో, ఒక రోజు పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారి దగ్గర గడపాలి. వాళ్ల నాన్నగారు కూడా ఒక పూట వెంట వెళ్తే మంచిది. ఇంట్లో జరిగే వాదన కంటే ఆ పూట ఆయనకు ఎక్కువ చెబుతుంది. ఏ క్షణంలో గడియారం చూసుకుందో, ఏ క్షణంలో గడియారమే మరిచిపోయిందో ఆమెను రాసి పంపమనండి. మూడు దారుల్లో ఏదన్నది ఆ కాగితం చూశాక మాట్లాడుకుందాం.